బులీమియా: అతిగా తినడం వెనుక దాగిన ఆకలి

ఇరవై ఏళ్ల వయసున్న మనిషి అందరితో కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు నాలుగు ముద్దలు తిని లేచిపోవడం, ఇంట్లో ఎవరూ లేని వేళ పెద్ద మొత్తంలో ఆహారం కనిపించకుండా పోవడం, తిన్న వెంటనే స్నానాల గదిలోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచడం విడివిడిగా చూస్తే ఒకదానితో ఒకటి సంబంధం లేని అలవాట్లుగానే కనిపిస్తాయి. మూడింటినీ కలిపి చూసినప్పుడు మాత్రం వాటి వెనుక బులీమియా నెర్వోసా అనే మానసిక వ్యాధి ఉందేమోనని ఆలోచించవలసి వస్తుంది. చాలా కుటుంబాల్లో ఇలా కలిపి చూడటానికి ఏళ్లు పడుతుంది. ఎందుకంటే ఈ వ్యాధి ఉన్నవారిలో ఎక్కువమంది మామూలు బరువుతో, చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, పైకి ఏ లోటూ లేనట్టే తిరుగుతుంటారు.

విషయం బయటపడినప్పుడు ఇంట్లోవాళ్లకు తోచే మొదటి మాట నాలుక మీద అదుపు లేదన్నది. జబ్బు ఉన్న మనిషి కూడా తన గురించి సరిగ్గా అదే నమ్ముతుంది, ఆ నమ్మకంతోనే రేపటి నుంచి ఇంకా గట్టిగా కడుపు కట్టుకోవాలని నిశ్చయించుకుంటుంది. వ్యాధిని నిలబెట్టేది ముఖ్యంగా ఆ నిశ్చయమే అన్నది గత నలభై ఏళ్ల వైద్య పరిశోధనలో అన్నిటికంటే ఉపయోగపడిన అవగాహన. బులీమియా చికిత్స తిండిని తగ్గించడంతో కాక, వేళకు తినడంతో మొదలవుతుంది. ఈ సంగతి అర్థమైతే మిగిలిన చిక్కుముడులు చాలావరకు వదులవుతాయి కనుక, దానిని కొంత వివరంగా చెప్పుకోవాలి.

పేరు, నిర్ధారణ

బులీమియా అనే మాట గ్రీకు భాషలో ఎద్దు, ఆకలి అనే అర్థాలున్న రెండు పదాల కలయిక నుంచి వచ్చింది. ఎద్దంత ఆకలి అన్న ఆ అర్థం వ్యాధిలో ఒక సగాన్నే చెబుతుంది. రెండో సగాన్ని కూడా కలిపి దీనికి ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తింపు తెచ్చినది జెరాల్డ్ రసెల్ అనే మానసిక వైద్యుడు. లండన్‌లో తాను చూసిన 30 మంది రోగుల గురించి 1979లో ఆయన ప్రచురించిన వ్యాసంలో, ఆపుకోలేని తిండి, తిన్నదాన్ని వాంతి ద్వారానో విరేచనాల మందుల ద్వారానో వదిలించుకునే ప్రయత్నం, లావైపోతానన్న తీవ్రమైన భయం అనే మూడు లక్షణాలు కలిసి ఉండటాన్ని ఆయన ఎత్తి చూపారు. అంతవరకు ఈ రోగులను ఎక్కువగా ఎనోరెక్సియా, అంటే లావైపోతానన్న భయంతో తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే వ్యాధి, కింద లెక్కించేవారు, లేదా అసలు లెక్కలోకి తీసుకునేవారు కాదు. వాంతి కోసం వేళ్లను వాడటం వల్ల పైపళ్లు రాసుకుని చేతి కణుపుల మీద ఏర్పడే కాయలను వైద్యులు నేటికీ రసెల్ చిహ్నం అని పిలుస్తారు.

ప్రస్తుతం ఎక్కువగా వాడే అమెరికన్ మానసిక వైద్య ప్రమాణ గ్రంథం డీఎస్‌ఎం 2013 నాటి ఐదవ కూర్పు ప్రకారం, ఒక విడతలో, అంటే సుమారు రెండు గంటలలోపు, అదే పరిస్థితిలో మామూలు మనుషులు తినేదానికంటే స్పష్టంగా ఎక్కువ తినడం, తింటున్నంతసేపూ ఆపడం తన చేతిలో లేదనిపించడం, దానికి విరుగుడుగా వాంతి చేసుకోవడం, విరేచనాల లేదా మూత్రం ఎక్కువ అయ్యే మందులు మింగడం, ఉపవాసం ఉండటం, శక్తికి మించి వ్యాయామం చేయడం వంటివి సగటున వారానికి ఒక్కసారైనా, మూడు నెలల పాటు జరిగితే, పైగా ఆ మనిషి తన విలువను ముఖ్యంగా శరీరాకృతితోనూ బరువుతోనూ కొలుచుకుంటూ ఉంటే, దానిని బులీమియాగా నిర్ధారిస్తారు. అంతకు ముందు 1994 కూర్పులో వారానికి రెండుసార్లు అన్న నియమం ఉండేది. అంతకంటే తక్కువసార్లు జరిగేవారి బాధ కూడా అంతే తీవ్రంగా ఉంటోందని తేలడంతో దానిని సడలించారు. కాబట్టి పదిహేను రోజులకొకసారే కదా అని ఎవరైనా తమను తాము సమాధానపరచుకుని వైద్యుడి దగ్గరకు వెళ్లడం వాయిదా వేయడం సరికాదు. అంకె కొంచెం తగ్గినంత మాత్రాన చికిత్స మారదు.

ఈ నిర్వచనంలో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క 'ఆపడం తన చేతిలో లేదనిపించడం'. ఒక వేడుకలో ఎవరైనా ఆకలికి మించి తినవచ్చు, తర్వాత కొంత పశ్చాత్తాపపడవచ్చు. బులీమియాలో అతిగా తినే విడత అలాంటిది కాదు. ఆకలి రుచి ఎరుగదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది: వేగంగా, నిలబడే, చేతికి అందినదల్లా, కొన్నిసార్లు సరిగా ఉడకనిది కూడా తింటూ, కళ్ల ముందు జరుగుతున్నదాన్ని తానే దూరం నుంచి చూస్తున్నట్టు ఉంటుందని రోగులు చెబుతుంటారు. కడుపు నొప్పి వచ్చినప్పుడో, ఎవరైనా వస్తున్న అలికిడి అయినప్పుడో, ఆహారం అయిపోయినప్పుడో మాత్రమే అది ఆగుతుంది.

అమెరికాలో జాతీయ స్థాయిలో జరిపి 2007లో ప్రచురించిన ఒక సర్వేలో, జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధి వచ్చినవారు స్త్రీలలో సుమారు 1.5 శాతం, పురుషులలో 0.5 శాతం ఉన్నట్టు తేలింది. ఎక్కువగా ఇది పదహారు, పదిహేడేళ్ల నుంచి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల లోపు మొదలవుతుంది. ఇల్లు వదిలి వెళ్లడం, భోజన వేళలు చెదిరిపోవడం, కొత్తవారి మధ్య తన రూపం గురించి, ప్రతిభ గురించి సందేహాలు తలెత్తడం అన్నీ ఒకేసారి మీద పడే వయసు అది. పురుషుల సంఖ్య తక్కువే అయినా వారిలో గుర్తింపు ఇంకా ఆలస్యమవుతుంది. కండలు తేలిన దేహం కోసం గంటల తరబడి చేసే కసరత్తును ఎవరూ జబ్బుగా అనుమానించరు కదా.

ఒక రోజు ఎలా గడుస్తుంది

ఉదయం లేవగానే నిన్నటి రాత్రి గుర్తుకొస్తుంది. అందుకు శిక్షగా పొద్దున ఏమీ తినకూడదని నిర్ణయం జరుగుతుంది. మధ్యాహ్నం ఏదో తేలికైనది, అదీ కొలిచినట్టు. ఏవి తినవచ్చో, ఏవి తినకూడదో, ఎన్ని గంటల తర్వాత తినకూడదో మనసులో ఒక కఠినమైన నియమావళి ఉంటుంది. సాయంత్రానికి శరీరం అలసిపోతుంది, చిరాకు పెరుగుతుంది, ఆలోచనలన్నీ తిండి చుట్టే తిరుగుతాయి. ఆ సమయంలో ఎవరో ఒక మాట అంటారు, లేదా ఒంటరితనం కమ్ముకుంటుంది, లేదా నిషేధించుకున్న పదార్థం ఒక్క ముక్క నోట్లో పడుతుంది. నియమం ఒకసారి తప్పింది కనుక ఇక ఈ రోజు పాడైపోయినట్టేనన్న ఆలోచన వస్తుంది, దానితో కట్ట తెగుతుంది. ఆ తర్వాత భయం, వాంతి, కొద్ది నిమిషాల ఉపశమనం, అంతకు పదింతల సిగ్గు, మళ్లీ రేపటి కోసం మరింత కఠినమైన నియమం.

ఈ వరుసలో వాంతి చివరి మెట్టులా కనిపిస్తుంది, కుటుంబాన్ని అన్నిటికంటే భయపెట్టేదీ అదే. కానీ వరుసను మొదటి నుంచి నడిపిస్తున్నది ఉదయపు ఉపవాసం. దీనికి బలమైన ఆధారం బులీమియాతో ఏ సంబంధమూ లేని ఒక ప్రయోగంలో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగం కడుపుకే ఆహారం ఇచ్చి, ఆ తర్వాత వారు ఎలా కోలుకుంటారో పరిశీలించాడు. మానసికంగా దృఢంగా ఉన్నారని పరీక్షించి ఎంపిక చేసిన ఆ యువకులు క్రమంగా దిగులుకు, చికాకుకు లోనయ్యారు, రోజంతా తిండి గురించే మాట్లాడుకున్నారు, వంటల పుస్తకాలు సేకరించారు. కొందరు నియమం తప్పి అతిగా తిని, తమను తాము అసహ్యించుకున్నారు. ప్రయోగం ముగిసి కావలసినంత తినే స్వేచ్ఛ వచ్చాక కూడా వారిలో కొందరికి వారాల పాటు, మరికొందరికి నెలల పాటు ఆకలి తీరలేదు. వారికి లావైపోతామన్న భయం ముందు నుంచీ లేదు, నిగ్రహంలోనూ ఎవరికీ తీసిపోలేదు. కరువులో పడిన దేహం ఎవరిదైనా అలాగే ప్రవర్తిస్తుంది. బులీమియా ఉన్న మనిషి రోజూ సాయంత్రం ఓడిపోతున్నది తన బలహీనత చేతిలో కాదు, బతికించడానికే ఉన్న ఒక సహజ యంత్రాంగం చేతిలో.

చక్రానికి రెండో ఇరుసు వాంతి మీద ఉన్న నమ్మకం. తిన్నదంతా వెళ్లిపోతుందన్న ధీమా లేకపోతే అంత తినడానికి మనసు సాహసించదు. నిజానికి తిన్నదాంట్లో గణనీయమైన భాగం వాంతి తర్వాత కూడా శరీరంలోనే ఉండిపోతుంది. విరేచనాల మందుల సంగతి ఇంకా అన్యాయం: పోషకాలు ప్రధానంగా చిన్నప్రేగులో ఒంటపడతాయి, ఆ మందులలో ఎక్కువ భాగం పనిచేసేది పెద్దప్రేగు మీద. తూకంలో తగ్గినట్టు కనిపించేది నీరు, ఒకటి రెండు రోజుల్లో అది తిరిగి వస్తుంది. తనకు రక్షణ అనుకున్నది రక్షణ కాదని ఈ చిన్న శరీరశాస్త్ర పాఠం చెప్పడం చికిత్సలో నిజంగా ఒక భాగం, కొందరిలో చక్రాన్ని సడలించడానికి అది కూడా సాయపడుతుంది.

మూడోది మనసులోని బాధ. కోపం, ఒంటరితనం, అవమానం, ఏమీ తోచనితనం వంటి భావాలను భరించలేనప్పుడు విడత కొద్దిసేపు వాటిని మొద్దుబారుస్తుంది. అందరిలోనూ ఇది ఒకే మోతాదులో ఉండదు. కొందరిలో ఆకలే ప్రధాన కారణం, కొందరిలో భావోద్వేగం, చాలామందిలో రెండూ పెనవేసుకుని ఉంటాయి. దిగులు, ఆందోళన, మద్యం అతిగా తాగడం, తనను తాను గాయపరచుకోవడం బులీమియాతో తరచుగా కలిసి కనిపిస్తాయి, వాటిని విడిగా అడిగి తెలుసుకోవాలి.

వీటన్నిటి అడుగున ఉన్నది, మనిషిగా తన విలువ మొత్తాన్ని దేహం మీదకు నెట్టేయడం. చదువు, స్నేహాలు, ఇష్టమైన పనులు, ఇంట్లో తన స్థానం ఇలా ఎన్నో ఆధారాల మీద మామూలుగా నిలబడే ఆత్మగౌరవం ఒక్క బరువు యంత్రం మీదే నిలబడితే, అందులో అంకె కదిలిన ప్రతిసారీ మనిషి మొత్తంగా కూలిపోతుంది. ఇది ఎలా ఏర్పడుతుందన్నదానికి ఒక్క కారణం చెప్పలేము. కవలల మీద జరిగిన అధ్యయనాలు వంశపారంపర్యానికి చెప్పుకోదగ్గ పాత్ర ఉందని చూపాయి. బాల్యంలో లావు గురించి ఎదుర్కొన్న ఎగతాళి, వేధింపులు, అతి కఠినమైన ఆహార నియమాలు, ఏదైనా లోపం లేకుండా చేయాలన్న పట్టుదల ప్రమాదాన్ని పెంచుతాయి. సమాజపు ప్రభావానికి ఫిజీ దీవులలో ఆన్ బెకర్ చేసిన పరిశీలన ప్రసిద్ధమైనది. నిండైన దేహాన్ని మెచ్చుకునే సంప్రదాయమున్న ఒక ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. అప్పటికి ఆమె ప్రశ్నించిన కిశోర బాలికలలో బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామని చెప్పినవారు ఎవరూ లేరు. 1998లో అదే ప్రశ్న వేసినప్పుడు 11 శాతానికి పైగా అవునన్నారు. ప్రతి ఒక్కరినీ జబ్బు మనిషిని చేసే శక్తి తెర మీది బొమ్మలకు లేదు, కానీ లోపల ఉన్న బలహీనమైన చోటు ఏదో అవి వెతికి పట్టుకుంటాయి. ఇంత చెప్పాక ఒక మాట తప్పకుండా చెప్పాలి: తల్లి పెంపకం వల్లే ఈ జబ్బు వచ్చిందనడానికి ఆధారం లేదు, ఆ నింద మోస్తున్న తల్లులు చాలామంది ఉన్నారు.

శరీరం మోసే భారం

అన్నిటికంటే పెద్ద ప్రమాదం రక్తంలో పొటాషియం పడిపోవడం. లీటరుకు సాధారణంగా 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండవలసిన ఈ లవణం పదే పదే వాంతుల వల్ల, విరేచనాల వల్ల తగ్గితే కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పుతుంది, అది హఠాత్తుగా ప్రాణాల మీదకు రావచ్చు. పైకి ఏ సూచనా లేకుండానే ఇది జరగగలదు కనుక రక్త పరీక్ష, అవసరాన్ని బట్టి ఈసీజీ తప్పనిసరి. అలాగని ఫలితాలు మామూలుగా వచ్చాయంటే జబ్బు లేదనో, తేలికైనదనో అర్థం కాదు.

దంతాల మీది పింగాణీ పొర ఆమ్లానికి కరిగిపోతుంది, ముఖ్యంగా పైపళ్ల లోపలి వైపున. అందుకే కొన్నిసార్లు ఈ రహస్యాన్ని మొదట గమనించేది దంతవైద్యులే. వాంతి అయిన వెంటనే పళ్లు తోమితే మెత్తబడిన పొర ఇంకా అరిగిపోతుంది, నీటితో పుక్కిలించి కొంతసేపు ఆగడం మంచిది. అన్నవాహిక లోపలి పొర చిరిగి వాంతిలో రక్తం పడవచ్చు. అరుదుగా అన్నవాహికే పగిలిపోవచ్చు, అది తక్షణ శస్త్రచికిత్స కావలసిన స్థితి. నెలసరి క్రమం తప్పవచ్చు. నోటి ద్వారా వేసుకునే గర్భనిరోధక మాత్రలు, ఇతర మందులు వాంతితో పాటే పోయి పనిచేయకపోవచ్చు. ఇన్సులిన్ వాడే మధుమేహ రోగులు బరువు కోసం ఇన్సులిన్ మానేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, అది మరీ ప్రమాదకరం. మరణాల విషయానికి వస్తే, అదే వయసున్న సాధారణ జనంతో పోలిస్తే బులీమియా ఉన్నవారిలో అవి సుమారు రెండింతలు ఉన్నట్టు 2011లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ చెప్పింది. వాంతిలో రక్తం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, గుండె దడ, విపరీతమైన నీరసం, చనిపోవాలన్న ఆలోచన వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

వాపుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చికిత్స మధ్యలో ఆగిపోవడానికి ఇదొక కారణం. పదే పదే వాంతుల వల్ల దవడల దగ్గరి లాలాజల గ్రంథులు ఉబ్బి ముఖం గుండ్రంగా కనిపిస్తుంది. అద్దంలో చూసుకున్న మనిషి తాను లావవుతున్నానని భయపడి ఇంకా ఎక్కువగా వాంతి చేసుకుంటుంది. వాంతులు, విరేచనాల మందులు మానేసిన మొదటి రోజుల్లోనూ దాదాపు ఇదే కథ. నీరు పోతూ ఉండటానికి అలవాటుపడిన శరీరం అప్పటికింకా ఉప్పునూ నీటినీ గట్టిగా పట్టి ఉంచే హార్మోన్ స్థితిలోనే ఉంటుంది కనుక, పాదాలు వాచి, తూకం ఒక్కసారిగా పెరుగుతుంది. అది కొవ్వు కాదని, కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుందని ముందుగానే ఎవరూ చెప్పకపోతే, మానేసిన నాలుగో రోజునే మళ్లీ మొదలుపెట్టడం ఎంతో సహజం.

చికిత్స: ముందు తినడం

మొదటి అడుగు ఎవరి దగ్గరైనా పడవచ్చు, కుటుంబ వైద్యుడి దగ్గరైనా సరే. 1999 నుంచి వాడుకలో ఉన్న స్కాఫ్ అనే ఐదు ప్రశ్నల పట్టిక రెండు నిమిషాల్లో ముగుస్తుంది. కడుపు నిండిపోయి ఇబ్బందిగా ఉండి వాంతి చేసుకుంటారా, ఎంత తింటున్నారో అదుపు తప్పిందని దిగులు పడుతున్నారా, ఇటీవల మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గారా, ఇతరులు సన్నగా ఉన్నారన్నా మీరు లావుగా ఉన్నారనే నమ్ముతారా, తిండి మీ జీవితాన్ని ఏలుతోందంటారా అన్నవి ఆ ప్రశ్నలు. రెండింటికి అవునంటే లోతుగా పరిశీలించాలి. అది నిర్ధారణ మాత్రం కాదు. చాలామందికి ఆసుపత్రిలో చేరవలసిన అవసరం ఉండదు. లవణాలు ప్రమాదకరంగా తగ్గినప్పుడు, ఆత్మహత్య ముప్పు ఉన్నప్పుడు, బయటి నుంచి చేసే చికిత్సతో చక్రం ఏమాత్రం ఆగనప్పుడు చేర్చుకుంటారు.

పెద్దవారిలో బలమైన ఆధారాలున్నది, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, వాడుకలో సీబీటీ. దానిని బులీమియాకు ప్రత్యేకంగా రూపొందించి 1980ల నుంచి మెరుగుపరుస్తూ వచ్చినది ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్. మామూలుగా ఇరవై వారాల్లో ఇరవై సమావేశాలు ఉంటాయి, తొలి వారాల్లో వారానికి రెండు. మొదటి దశలో రోగి తన చక్రాన్ని కాగితం మీద గీసుకుంటుంది. తిన్న ప్రతిదాన్నీ, తిన్న సమయాన్నీ, స్థలాన్నీ, అప్పటి మనసు స్థితినీ అక్కడికక్కడే రాసుకుంటుంది. వారానికి ఒక్కసారే, అదీ థెరపిస్ట్ సమక్షంలో బరువు చూసుకుంటుంది. రోజూ పదిసార్లు తూకం వేసుకునేవారికీ, భయంతో ఏళ్ల తరబడి యంత్రం ఎక్కనివారికీ ఒకే నియమం ఇది. వీటన్నిటికీ కేంద్రంగా, రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు, నాలుగు గంటలకు మించి విరామం లేకుండా తినడం మొదలవుతుంది. ఆకలి వేసినా, వేయకపోయినా, రాత్రి విడత జరిగినా, తెల్లవారాక తినవలసిన వేళకు తినాలి. ఏం తినాలన్న ప్రశ్నను మొదట్లో కావాలనే పక్కన పెడతారు. ఎప్పుడు తినాలన్నదే ముఖ్యం.

ఇది చెప్పడం తేలిక, చేయడం భయంకరం. పొద్దున తినడమంటే ఈ మనిషికి, ఉన్న ఒక్క అదుపునూ చేజేతులా వదులుకోవడమే. ఇంత తింటే ఊరంత లావవుతానన్నది నిజాయితీగా పడే భయం, దాన్ని కొట్టిపారేయకూడదు. వారం వారం తూకం చూడటం వెనుక ఉద్దేశం ఈ భయాన్ని వాస్తవంతో పరీక్షించడమే. రాత్రి విడతలు తగ్గుతున్నకొద్దీ, పగలు తిన్నదానితో కలిపినా బరువు పెద్దగా మారకపోవడాన్ని చాలామంది తమ కళ్లతో తామే చూస్తారు. మొదటి నాలుగైదు వారాల్లోనే విడతలు, వాంతులు బాగా తగ్గినవారికి చివరి ఫలితం కూడా మెరుగ్గా ఉంటుందని పరిశోధనలు పదే పదే చెప్పాయి. అందుచేత ఏడాదిగా వెళుతున్నా తిండి గురించి మాటే రాని కౌన్సెలింగ్‌ను ఓపికగా కొనసాగించమని నేను సలహా ఇవ్వలేను.

తర్వాతి దశల్లో నిషేధించుకున్న పదార్థాలను ఒక్కొక్కటిగా తిరిగి తినడం, పదే పదే అద్దంలో చూసుకోవడాన్నీ ఇతరుల దేహాలతో పోల్చుకోవడాన్నీ గుర్తించి తగ్గించడం, విడతకు దారితీసే బాధలను మరో విధంగా ఎదుర్కోవడం, చాలాకాలంగా వదిలేసిన స్నేహాలనూ ఆసక్తులనూ మళ్లీ పట్టుకోవడం ఉంటాయి.

చికిత్సా పద్ధతులన్నీ సమానం కావన్నదానికి డెన్మార్క్‌లో జరిగి 2014లో వెలువడిన అధ్యయనం గట్టి ఉదాహరణ. 70 మంది రోగులలో కొందరికి ఐదు నెలల్లో 20 సమావేశాల సీబీటీ, మిగిలినవారికి రెండేళ్ల పాటు వారం వారం మనోవిశ్లేషణ చికిత్స ఇచ్చారు. ఐదు నెలలకు విడతలూ వాంతులూ పూర్తిగా ఆగినవారు సీబీటీలో 42 శాతం, రెండో దానిలో 6 శాతం. రెండేళ్లకు 44 శాతం, 15 శాతం. ఆ పరిశోధనా బృందంలో మనోవిశ్లేషణ చికిత్సకులు కూడా ఉన్నారు, తమకు అనుకూలం కాని ఫలితాన్ని దాచకుండా ప్రచురించినందుకు వారిని గౌరవించాలి. అదే సమయంలో, మంచి చికిత్సతో కూడా సగం మందికి పైగా ఆ వ్యవధిలో పూర్తిగా బయటపడలేదన్న సత్యాన్నీ ఆ అంకెల్లోనే చదువుకోవాలి. సంబంధ బాంధవ్యాల మీద దృష్టి పెట్టే ఇంటర్‌పర్సనల్ థెరపీ నెమ్మదిగా పనిచేసినా, ఏడాది దాటేసరికి సీబీటీకి దగ్గరగా వస్తుందని 2000లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. సీబీటీ సరిపడనివారికి అదొక దారి.

బ్రిటన్‌లో వైద్య చికిత్సలకు మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2017లో ఇచ్చిన సూచనలు పెద్దవారికి మొదట పర్యవేక్షణతో కూడిన స్వయం సహాయ కార్యక్రమాన్ని సూచిస్తాయి. బులీమియా కోసం రాసిన పుస్తకాన్ని అనుసరిస్తూ, మధ్యమధ్య శిక్షణ పొందిన ఒకరితో క్లుప్తంగా మాట్లాడటం దాని స్వరూపం. నాలుగు వారాల్లో ఫలితం లేకపోతే పూర్తి సీబీటీకి వెళ్లాలి. పద్దెనిమిదేళ్ల లోపువారికి కుటుంబ ఆధారిత చికిత్స ముందు వస్తుంది. ప్రత్యేక నిపుణులు దొరకని చోట ఉన్నవారికి ఈ స్వయం సహాయ పద్ధతి చిన్న సంగతి కాదు.

మందుల్లో ఆధారం బాగా ఉన్నది ఫ్లూక్సెటిన్. రోజుకు 60 మిల్లీగ్రాములు, అంటే దిగులుకు మామూలుగా ఇచ్చే 20 కంటే ఎక్కువ మోతాదు, విడతలనూ వాంతులనూ బాగా తగ్గిస్తుందని 1992లో వెలువడిన పరిశోధన తేల్చింది. దిగులు లేనివారిలో కూడా అది పనిచేస్తుంది. అయినా మందు ఒక్కటే సరిపోదు, చికిత్సకు తోడుగానే వాడాలని నైస్ చెబుతుంది. పాతికేళ్ల లోపువారిలో ఈ తరగతి మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక ఉంది కనుక, ఆ రోజుల్లో దగ్గరగా గమనించాలి. బుప్రోపియాన్ అనే మరో మందు బులీమియా ఉన్నవారిలో మూర్ఛ ప్రమాదాన్ని పెంచుతుంది కాబట్టి వాడకూడదు. వాంతుల సంగతి మానసిక వైద్యుడికి దాచిపెట్టకూడదనడానికి ఈ ఒక్క కారణమే చాలు.

ఇంట్లోవాళ్ల స్థానం

పదిహేనేళ్ల పిల్ల విషయంలో భోజనం బాధ్యతను తల్లిదండ్రులు కొంతకాలం తమ చేతుల్లోకి తీసుకోవచ్చు. ఇరవై రెండేళ్ల మనిషి విషయంలో అది సాధ్యం కాదు, సరి కూడా కాదు. వైద్యుడు ఆమె అనుమతి లేకుండా వివరాలు చెప్పకపోవడం కొందరు తల్లిదండ్రులకు కోపం తెప్పిస్తుంది. కానీ ఆ గోప్యత మీద నమ్మకం లేకపోతే ఆమె అక్కడికి రెండోసారి వెళ్లదు. మరోవైపు, పెద్దదైంది కదా, తన బతుకు తనదని చేతులు దులుపుకోవడం కూడా ఆమెను ఒంటరిని చేస్తుంది.

మాట మొదలుపెట్టడానికి భోజనాల సమయం మంచిది కాదు. తీరిక దొరికిన మరో వేళ, ఇద్దరే ఉన్నప్పుడు, నిర్ధారణ జోలికి పోకుండా చూసినదాన్నే చెప్పడం మేలు. "ఈమధ్య తిన్న తర్వాత నువ్వు చాలా నలిగిపోతున్నావనిపిస్తోందమ్మా. నాకు భయంగా ఉంది. నిన్ను తిట్టడానికి అడగట్లేదు" అంటే తలుపు కొద్దిగా తెరుచుకోవచ్చు. మొదటిసారి ఆమె కాదనే అవకాశమే ఎక్కువ. ఆ కాదనడాన్ని అబద్ధంగా పట్టుకుని నిలదీయకుండా, కొన్నాళ్లకు మళ్లీ అదే మృదుత్వంతో అడగాలి. స్నానాల గది తలుపు దగ్గర కాపలా, వంటగదికి తాళం, బంధువుల ముందు ప్రస్తావన రహస్యాన్ని ఇంకా లోతుకు తోస్తాయి. బరువు గురించిన మెచ్చుకోలు కూడా వద్దు. "కాస్త ఒళ్లు చేశావు, ఆరోగ్యంగా ఉన్నావు" అన్న మాట ప్రేమతోనే అంటారు, వినే మనిషి చెవికి అందులో మొదటి సగమే చేరుతుంది.

చేయగలిగిన సాయం ఏమిటో ఆమెనే అడగడం ఉత్తమం. భోజనం తర్వాత అరగంట, గంట కష్టమైన సమయం కనుక ఆ వేళలో పక్కన కూర్చుని ఇంకేదైనా మాట్లాడటం, కలిసి నడవడం కొందరికి ఆసరా అవుతుంది, మరికొందరికి నిఘా అనిపిస్తుంది. ఇంట్లో అందరూ వేళకు తినడం, ఎవరి ఒంటి గురించీ ఎవరూ వ్యాఖ్యానించకపోవడం మాత్రం అందరికీ పనికొస్తుంది. అపాయింట్‌మెంట్‌కు తోడు వెళ్లి బయట కూర్చోవడం చిన్న పనే, కానీ ఆమె లోపలికి అడుగుపెట్టేలా చేసేది చాలాసార్లు అదే.

కోలుకోవడం, జారిపోవడం

1995లో బ్రిటన్ రాజకుటుంబానికి చెందిన డయానా ఒక టెలివిజన్ ఇంటర్వ్యూలో తన బులీమియా గురించి చెబుతూ దానిని రహస్య వ్యాధి అన్నారు. ఆ రహస్యం వీడే సమయానికి చాలామందికి జబ్బు మొదలై కొన్నేళ్లు గడిచి ఉంటాయి, దాని వల్ల కోలుకునే దారి కూడా పొడవవుతుంది. అయినా దీర్ఘకాలిక ఫలితాలు నిరాశపరిచేవి కావు. అమెరికాలో రోగులను రెండు దశాబ్దాలకు పైగా వెంబడించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, బులీమియా ఉన్నవారిలో సుమారు 68 శాతం మంది 22 ఏళ్ల తర్వాత కోలుకున్న స్థితిలో ఉన్నారు. మిగిలినవారి సంఖ్య తక్కువ కాదని ఒప్పుకుంటూనే, ఈ అంకెను రోగులకు చెప్పడం అవసరమని నా అభిప్రాయం. ఇక జీవితమంతా ఇంతేనన్న నమ్మకం వారిలో చాలామందికి ఉంటుంది.

కోలుకునే దారిలో, నెలల తరబడి బాగున్నాక ఒక రాత్రి అకస్మాత్తుగా విడత జరగడం మామూలే. పరీక్షలు, ప్రేమ తెగిపోవడం, కొత్త ఊరు, ఎవరో అన్న ఒక్క మాట ఏదైనా కారణం కావచ్చు. థెరపీ చివరి సమావేశాల్లో దీనికోసమే ఒక కాగితం రాయిస్తారు. తనకు ముందుగా కనిపించే సూచనలు ఏమిటి (పొద్దున తిండి మానడం, రోజుకు రెండుసార్లు తూకం చూసుకోవడం, ఆహ్వానాలు తప్పించుకోవడం వంటివి), అవి కనిపిస్తే మొదట ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని వారాలకు తగ్గకపోతే తిరిగి చికిత్సకు రావాలి అన్నవి ఆమె చేతిరాతలోనే అందులో ఉంటాయి. విడత జరిగిన రాత్రి మనసు కొత్త నియమాల కోసం, కొత్త ఉపవాసం కోసం వెతుకుతుంది. ఆ కాగితంలో మొదటి పంక్తి మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే: రేపు పొద్దున తినవలసిన వేళకు తినాలి.